సవరల అక్షరబ్రహ్మము, యూదుల గ్రంథపుఁజుట్ట

శబ్దము ప్రధానము, లిపి దానికి గుఱుతు మాత్రమని గురుముఖమున నేర్చిన మావంటివారికి అక్షరబ్రహ్మమనఁగా నాదమే కాని గీచిన గీఁత కాదు. వ్రాఁతను జూచి చదువువానిని పాణినీయశిక్ష పాఠకాధములలోఁ జేర్చినది గదా. అట్టి చదువు చదివినవాఁడ నగుటచే, తూర్పు కనుమలలోని సవరలు తమ లిపినే యక్షరబ్రహ్మమని కొలుచుచున్నారని వినినపుడు నాకు నవ్వు వచ్చెను. ఆ నవ్వు తొందరపాటని యిపుడొప్పుకొనుచున్నాను.

ఈ లిపిని మంగేయి గొమాంగో అను సవర 1936వ సంవత్సరమున వెలయించెను. సొరఙ్ సొంపెఙ్ అని దీని పేరు. అక్షరము లిరువదినాలుగు, అవి సవర దేవతల రూపములుగా నెన్నఁబడుచున్నవి. ఒడిశాలోని మరిచిగుడలో వీనికి గుడి గలదు. పూజ మాట యట్లుంచి వర్ణక్రమమును బరీక్షించితిని. హల్లులయం దచ్చు గర్భితమై యుండును; ఆ యచ్చు పలుకనిచోటఁ దెలుపుటకుఁ బొల్లు లేదు. గుణింతపు గుఱుతులును లేవు; తక్కిన యచ్చులను విడి యక్షరములుగానే వ్రాయుదురు. భాష నెఱిఁగినవాఁడు తప్ప దీనిని సరిగాఁ జదువలేఁడు. కాఁబట్టి యిది యసమగ్రలిపియని మొదటఁ దీర్పు చెప్పితిని.

ఆ తీర్పును మార్పించినది యూదుల ధర్మగ్రంథము. 1492లో స్పెయిను దేశమునుండి వెడలఁగొట్టఁబడిన యూదుల సంప్రదాయమువారిని సెఫార్దీలందురు. వారిలోఁ గొందఱు కొచ్చిని చేరిరి. 1568లోఁ గట్టిన పరదేశి ప్రార్థనాలయ మచట నేఁటికిని గలదు. వీరి తోరా గ్రంథము శుచియని యెన్నఁబడిన పశువుల చర్మముపై సిరాతో చేత వ్రాయఁబడును. ఆ చర్మపు టాకులను వరుసగాఁ గుట్టి చుట్ట చుట్టుదురు. వ్రాయసకాఁడు జ్ఞాపకమునుండి యొక్క మాటయైనను వ్రాయరాదు; మాతృకను జూచి, పదమును బైకి నుచ్చరించి, పిమ్మట లిఖింపవలెను. 3,04,805 అక్షరములలో నొక్కటి కొఱవడినను, దిద్దువఱకు నా ప్రతి పఠనమునకుఁ బనికిరాదు. తూర్పుదేశముల సెఫార్దీలు దానిని కొయ్యతోనో లోహముతోనో చేసిన నిలువు భరిణెలో నుంచుదురు. చదువుటకు ముందు తెఱచి యెత్తి సభకుఁ జూపుదురు. చదువరి చర్మమును వ్రేలితోఁ దాఁకక, చేతి యాకారము గల పుల్లతో పంక్తిని జూపుకొనును. ఇంత శ్రద్ధతో వ్రాసిన గ్రంథమున అచ్చుల గుఱుతులు లేవు, స్వరచిహ్నములును లేవు! ఆ రెంటిని చదువరి గురువు నోటినుండి తెచ్చుకొనవలసినదే.

అట్లైనచో సవరలిపిలో నేనెన్నిన కొఱఁత కొఱఁత యెట్లగును? అది నోటిని నమ్మి వ్రాసిన వ్రాఁత. అనుష్ఠానలిపికి బడిలిపి లక్షణమును బట్టి తప్పు పట్టుట న్యాయము కాదు.

ఇచట నొక ప్రసక్తాంశము. యూదులు శిథిలమైన ప్రతులను బాఱవేయక భూస్థాపనము చేయుదురు, లేక వేఱొక గదిలోఁ బెట్టుదురు. కైరోనగరపు ప్రార్థనాలయములో నట్లు పోగుపడిన పత్రరాశిని షెఖ్టరు పండితుఁడు 1896-97లో వెలికిఁ దీసెను. మన పెద్దలో, చివికిన తాటాకులను నదులలోఁ గలిపిరి. భక్తి యొక్కటియే, ఎన్ని గ్రంథములు నీటఁ బోయెనో యెవ్వరెఱుఁగుదురు?

లిపికి ముందును సవరలకు వ్రాఁత లేకపోలేదు. ఎఱ్ఱమన్ను పూసిన గోడపై బియ్యపుఁబిండితో గీయు ఇడితాల్ చిత్రమట్టిది. ఆ పేరులోని ఇడ్ అను ధాతువునకు వ్రాయుటయే యర్థము. ఇంట రోగమో యాపదయో కలిగినపుడు దేవతకో మృతునికో దీనిని వ్రాయింతురు. వారు వచ్చి దానియందు వసింతురని నమ్మిక. వెరియర్ ఎల్విన్ 1955లో వెలువడిన తన సవరమతగ్రంథమున దీనిని విపులముగా వర్ణించెను. గీచినంతనే పని తీఱదు. పూజారి యావేశమునంది చిత్రమును బరీక్షించి లోపము చెప్పఁగా, చిత్రకారుఁడు దానిని బూరించును. పఠనార్హత తేలువఱకుఁ బ్రతిని దిద్దు యూదుల పద్ధతియు నిట్టిదే కదా. మన ముద్రాలయములలో నచ్చుతప్పులు దిద్దువా రీ భయములో సగమైనను గలవారైన నెంత బాగుండును!

ఇఁక బడిలిపి మాట. గిడుగు రామమూర్తిపంతులుగారు 1931లో సవరభాషాబోధినిని, 1938లో నిఘంటువును వెలువరించిరి. సవరలో మాటల చివరఁ గంఠమును బిగించి యాఁపు ధ్వని గలదు. తెలుఁగు వర్ణమాలలో దానికి నక్షరము లేదు. 2004 ప్రాంతమున ప్రభుత్వమువారు సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా మొదలగు భాషలకుఁ దెలుఁగులిపిలోనే వాచకములు చేయించిరి. సీతంపేట కొండల పిల్లలకును, అరకులోయ పిల్లలకును దల్లిపలుకు బడిలో వినఁబడుట మంచిపనియే. దానిని నేను దూషింపను. కాని గుడిలోని యక్షరమునకు భాష నెఱిఁగిన నోరు తోడున్నది. బడిలో నుపాధ్యాయుఁడు సవర యెఱుఁగనివాఁడైనచో వాచకమునకుఁ దోడెవరు? పిల్లవాఁడు తన పలుకునే మన వర్ణములకుఁ దగినట్లు సవరించుకొనును. ధ్వని పోవును, వ్రాఁత మిగులును.

ఆ కంఠధ్వనికి వాచకములలో నొక గుఱుతు నియతముగా నుండవలెను. అది యెట్టిదని మనలో మనము వాదించుకొనుటకంటె ముందు సవరల నడుగుట మేలు. వారి గుడిలో నిరువదినాలుగు గుఱుతు లిప్పటికే పూజ నందుచున్నవి.