పాస్‌వర్డ్ లేకపోతే తెరుచుకోని తలుపు

సిస్కో రౌటర్లలో ఏళ్ల తరబడి నడిచిన ఐఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను చూసినకొద్దీ నాకు ముచ్చటేస్తుంది. రౌటర్‌లోకి రావడానికి అందులో ముఖ్యంగా రెండు దారులున్నాయి. దాన్ని రాసినవాళ్లు రెండింటినీ ఒకే తీరున నమ్మలేదు.

మొదటిది కన్సోల్ పోర్టు. కొత్త రౌటర్‌కి ఐపీ అడ్రస్ ఉండదు కాబట్టి తొలిసారి అటునుంచే వెళ్లాలి. దానికి వాడే రోల్‌ఓవర్ కేబుల్ రెండు కొసల్నీ పక్కపక్కన పట్టుకుని చూడండి. తీగల రంగుల వరుస తిరగబడి ఉంటుంది: ఒకటోది ఎనిమిదికి, రెండోది ఏడుకి, మూడోది ఆరుకి. దాంతో రౌటర్ పంపే తీగ అవతల వినే చోటుకే చేరుతుంది. టెర్మినల్‌లో వేగం 9600 పెట్టి ఎంటర్ కొడితే చాలు, పలుకుతుంది. మనం పెట్టేదాకా పాస్‌వర్డ్ కూడా అడగదు.

రెండోది వీటీవై లైన్లు, అంటే దూరం నుంచి వచ్చేవాళ్ల దారి. మామూలుగా సున్నా నుంచి నాలుగు దాకా ఐదు. ఇక్కడ పాస్‌వర్డ్ పెట్టడం మరిచిపోతే తలుపు బార్లా తెరిచి ఉంటుందనుకుంటాం. కానీ రౌటర్ ‘పాస్‌వర్డ్ కావాలి, ఏదీ పెట్టలేదు’ అని చెప్పి కనెక్షన్ తెంపేస్తుంది. కన్సోల్ దాకా రావాలంటే మనిషి గది తాళం తీసుకుని ర్యాక్ ముందు నిలబడాలి. వీటీవైకి ఎవరైనా ఎక్కడినుంచైనా రావచ్చు. ఆ తేడా ఎరిగినవాళ్ల పని ఇది.

వీటీవైకి టెల్నెట్‌తో వస్తే పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టుగా తీగ మీద పోతుంది. 1995లో హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్‌లు దొంగిలించారు. ఆ తర్వాతే అక్కడి టాటు యులోనెన్, అంతా గుప్తంగా పంపే ఎస్ఎస్‌హెచ్ రాశాడు. రౌటర్‌లో దాన్ని పెట్టాలంటే ముందు హోస్ట్‌నేమ్, డొమైన్ పేరు ఇవ్వాలి. ఆర్ఎస్ఏ తాళాల జతకు ఆ పేరే పడుతుంది. 2048 బిట్లకు తగ్గకుండా చేసి, ‘లాగిన్ లోకల్’తో ఎవరి ఖాతా వారికిచ్చి, ‘ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌పుట్ ఎస్ఎస్‌హెచ్’ అంటే టెల్నెట్ మూతపడుతుంది.

అన్నిటికన్నా నాకు నచ్చింది ‘రీలోడ్ ఇన్ 10’ అనే ఆదేశం. నడుస్తున్న కాన్ఫిగరేషన్ వేరు, సేవ్ చేసింది వేరు. దూరాన ఉన్న రౌటర్‌లో ఏదో మార్చబోయి మన దారి మనమే మూసుకున్నామనుకోండి. ముందే ఆ ఆదేశం ఇచ్చి ఉంటే పది నిమిషాలకు రౌటర్ తనంతట తానే రీస్టార్టవుతుంది, సేవ్ చేయని మార్పు పోతుంది, పాత దారి తిరిగొస్తుంది. రాత్రిపూట వంద కిలోమీటర్లు బండెక్కి వెళ్లే పని తప్పుతుంది.

ఒక్క మాట. వీటీవై మీద, ఎవరు రావచ్చో చెప్పే యాక్సెస్-క్లాస్ మార్చినా అప్పటికే ఉన్న సెషన్ తెగదు, అందుకే తప్పు చేసినా వెంటనే తెలియదు. ఆ సెషన్ మూయకుండా ఇంకో విండోలో కొత్తగా లాగినై చూసుకోండి. లోపలికి రానిచ్చాకే ‘రీలోడ్ క్యాన్సిల్’ కొట్టి సేవ్ చేయండి.