హాప్కిన్సు చీఁకటి గీతములు

జెసూయిట్ గురువు హాప్కిన్సు 1885 ప్రాంతమున డబ్లినునందు వ్రాసిన శోకగీతములను విశ్వాసభంగమునకు సాక్ష్యములని కొందఱందురు. మేమందుల కొడఁబడము. విశ్వాసము నశించినవాఁడు దేవునితో వాదులాడునా? మన రామదాసు చెఱసాలనుండి రాముని నిష్ఠురములాడలేదా?

1884వ సంవత్సరమున గ్రీకు ఆచార్యుఁడుగా నియుక్తుఁడై, స్వదేశమగు ఇంగ్లండునకు దూరమై, వందలకొలఁది పరీక్షాపత్రములు దిద్దుచు నాతఁడు కృశించెను. ఆ దిద్దుబాటు ఎట్టి శిక్షయో ఉపాధ్యాయులమగు మేమెఱుఁగుదుము. ఇట్టి మనోవ్యాధిని భక్తిలోపముగా నెంచి, మఱింత ప్రార్థింపుమనుట, జ్వరపీడితునిచే మందు మాన్పించి యుపవాసము చేయించుటయే. ఎల్లరి పాపములను విను గురువు తన గోడును దూరమునందున్న మిత్రులకు జాబులలో వెళ్లఁబోసికొనవలసి వచ్చెను. కొన్ని గీతముల నెవరికిని పంపనైనలేదు.

1889లో నాతఁడు టైఫాయిడు జ్వరమున మరణించెను. మిత్రుఁడు బ్రిడ్జెసు ఆ కవితలను సంపుటముగా నచ్చువేయించునప్పటికి మఱి 29 ఏండ్లు గడచినవి.