పని తేలాకే మనిషి: కార్నర్‌బ్యాక్‌ను ఎంచే విద్య

అమెరికన్ ఫుట్‌బాల్‌లో కార్నర్‌బ్యాక్ పని వినడానికి చిన్నదే: ఎదుటి జట్టు రిసీవర్‌కు బంతి అందనివ్వకూడదు. చిక్కల్లా, రిసీవర్‌కు తానెటు పరిగెత్తబోతున్నాడో ముందే తెలుసు, కార్నర్‌కు తెలియదు. ఏటా ఏప్రిల్ నెలాఖరులో అక్కడి ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు ఏడు రౌండ్ల డ్రాఫ్ట్‌లో కాలేజీ కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకుంటాయి. అంతకుముందు ఇండియానాపొలిస్‌లో జరిగే కంబైన్‌లో వాళ్ల నలభై గజాల పరుగు, చేతుల పొడవు, ఎగిరే ఎత్తు కొలుస్తారు. ఈ కొలతలు వృథా అనను. కానీ కొలతలు చూసి మురిసిపోయి మనిషిని తెచ్చుకుని, ఆ తర్వాత అతనికి పని వెతకడం తలకిందుల వ్యవహారం. జట్టుకు కార్నర్ అవసరమంటే ఖాళీ పూడ్చడం కాదు, ఏ తరహా పనికి మనిషి కావాలో తేల్చుకోవడం.

ఆ పని అన్ని జట్లలో ఒకటి కాదు. మ్యాన్ కవరేజీలో కార్నర్ ఒకే రిసీవర్‌ను నీడలా పట్టుకోవాలి. జోన్‌లో తన మేరను కాస్తూ, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ కళ్లను చదవాలి. పీట్ కారోల్ కోచ్‌గా ఉన్న సియాటెల్ సీహాక్స్ పొడవాటి చేతులున్న పొడగరులను వెతికి, వాళ్లకు ఒక ప్రత్యేకమైన అడుగు నేర్పేది. బంతి కదలగానే మీద పడకూడదు, వెనక్కీ పరిగెత్తకూడదు. రిసీవర్ ఎటో ఒకవైపు తేలేదాకా, రైడర్ కాలు చాచేవరకు ఓపిక పట్టే కబడ్డీ డిఫెండర్‌లా నిలబడి, అప్పుడు పక్కకు అడుగేసి చేయి చాచాలి. కాలేజీలో రిసీవర్‌గా మొదలైన రిచర్డ్ షెర్మన్ నలభై గజాలకు నాలుగున్నర సెకన్లు దాటించాడు. 2011లో అయిదో రౌండ్ దాకా, 154వ స్థానం వచ్చేదాకా ఎవరూ తీసుకోలేదు. సియాటెల్ తీసుకుంది. 2014 ఫిబ్రవరిలో 43-8తో లీగ్ ఫైనల్ సూపర్ బౌల్ గెలిచిన జట్టుకు అతనే ముఖ్యమైన కార్నర్.

వేగం నేర్పితే వచ్చేది కాదు కదా, దాన్నే ముందు చూడాలి అనేవాళ్లున్నారు. మొదటి మాట నిజమే. అయితే 2022 కంబైన్‌లో 4.23 సెకన్లలో పరిగెత్తిన కార్నర్ కేలన్ బార్న్స్‌ను కరోలినా పాంథర్స్ ఏడో రౌండ్‌లో తీసుకుని, సీజన్ మొదలవకముందే వదులుకుంది. స్కౌట్ వీడియోలో చూడాల్సింది వేరే ఉంది. వెనకడుగులో ఉన్నవాడు నడుము తిప్పేటప్పుడు ఒక అడుగు అదనంగా పడుతోందా? బంతి గాల్లో ఉండగా తల తిప్పుతున్నాడా, కంగారులో చొక్కా పట్టుకుంటున్నాడా? ఈ రెండో ప్రశ్న కాలేజీ వీడియోలో మోసం చేస్తుంది. అక్కడ బంతి గాల్లోకి లేచేదాకా, తన ముందున్న రిసీవర్‌ను నెట్టినా చెల్లుతుంది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అయిదు గజాలు దాటాక తప్పు. పాస్‌ను అడ్డుకున్న తప్పుకు కాలేజీలో శిక్ష పదిహేను గజాలు మించదు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో తప్పు ఎక్కడ జరిగితే బంతి అక్కడికే పోతుంది, అది నలభై గజాలైనా సరే. కాలేజీలో చేతులతో నెట్టుకొచ్చిన కుర్రాడు ఇక్కడ జట్టును ముంచగలడు.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం ఒకటుంది: కోచ్‌లు ఏడాదికో రెండేళ్లకో మారిపోతుంటే, ఒకరి పద్ధతికి తగ్గ మనిషిని తెచ్చుకుని లాభమేమిటి? ఉన్నవాళ్లలో మేటిని తీసుకోవడమే మేలు కదా? డెరెక్ స్టింగ్లీ జూనియర్ కథ ఈ వాదానికి బలమిస్తుంది. మ్యాన్ కవరేజీలో పేరు తెచ్చుకున్న అతన్ని హ్యూస్టన్ టెక్సన్స్ 2022లో మూడో స్థానంలో తీసుకుని, జోన్‌నే నమ్ముకున్న కోచ్ లవీ స్మిత్ చేతిలో పెట్టింది. గాయం కూడా తోడై ఆ ఏడు అతనికి ఒక్క ఇంటర్‌సెప్షనే, అంటే ఎదుటి జట్టు పాస్‌ను తానే అందుకునే అవకాశం ఒక్కసారే, దక్కింది. మరుసటి ఏడు డెమికో రయన్స్ కోచ్‌గా వచ్చాక అయిదు వచ్చాయి, 2024లో లీగ్‌లోని మేటి ఆటగాళ్ల జాబితా అయిన ఆల్ ప్రో మొదటి జట్టులో చోటూ దక్కింది. ప్రతిభ చివరికి గెలిచింది, ఒప్పుకుంటాను. కానీ తొలి రౌండ్ ఆటగాడి ఒప్పందం నాలుగేళ్లు, జట్టు కోరితే అయిదో ఏడు. ఆ తక్కువ జీతపు ఏళ్లలో ఒకటి సరిపడని పనిలో పోతే తిరిగి రాదు. కోచ్ కుర్చీ కదిలేలా ఉంటే జనరల్ మేనేజర్ ఏ పద్ధతిలోనైనా ఇమిడే అడుగులున్న కుర్రాణ్ని వెతకాలి. అదీ అవసరాన్ని తేల్చుకోవడమే.