చిక్కిపోయిన తులం

పోయిన ఆదివారం అమ్మను తీసుకుని పంజాగుట్టలో ఒక బంగారం దుకాణానికి వెళ్లాను. అమ్మమ్మ గుండ్లపేరును కరిగించి మా అమ్మాయి పెండ్లికి గొలుసు చేయించాలి. ‘నా రెండు తులాలు మునిమనుమరాలికే’ అని అమ్మమ్మ పోయే ముందు అందరూ వినేలా చెప్పింది. కౌంటర్ వెనక అబ్బాయి పేరును తక్కెడ మీద పెట్టి గాజు తలుపు మూశాడు. ఎర్ర అంకెలు కాసేపు ఊగిసలాడి 23.140 దగ్గర నిలబడ్డాయి.

“రెండు తులాల మూడు గ్రాములమ్మా.”

అమ్మ కళ్లద్దాలు సరిచేసుకుంది. “రెండు తులాలే బిడ్డా. మా బాపు అవుసులాయన ముంగట కూసోని చేయించిండు.”

“తులమంటే పది గ్రాములు కదమ్మా.”

“ఎప్పటిసంది?”

అబ్బాయి నా వైపు చూశాడు. ఆ ప్రశ్నకు జవాబు నాకు కొంత తెలుసు. తెలిసింది మాత్రం బంగారం దగ్గర కాదు, ఆ తాత తుపాకీ దగ్గరే.

తాతకు లైసెన్సున్న పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ ఉండేది. మక్కచేన్ల మీద పడే పందులను బెదరగొట్టడానికి. పేల్చిన ఇత్తడి తూటాను పారేసే రోజులు కావవి, మళ్లీ నింపుకునేవారు. దానికి ఆయన దగ్గర పిడి ఉన్న చిన్న ఇత్తడి కొలపాత్ర ఒకటి ఉండేది. గిద్దెకు తమ్ముడిలా ఉండేది. దాని అడుగు పైకీ కిందికీ జరిగేది, పక్కన గీతలు, గీతల దగ్గర అంకెలు. మందు పోసి, బియ్యం సోలను తలకొట్టినట్టు వేలితో పైన గీసేవాడు. ఆ అంకెలు గ్రాములనుకున్నాను చాలాకాలం. కావు, డ్రాములు.

డ్రామ్ అంటే పౌండులో 256వ వంతు, సుమారు 1.77 గ్రాములు. మందుల దుకాణంలో ఒకప్పుడు వాడిన డ్రామ్ వేరు, అది దీనికి రెండింతలకు పైనే. ఆ పేరుకు మూలం గ్రీకుల ‘ద్రఖ్మా’. అదే మాట మన దేశానికి వచ్చి సంస్కృతంలో ‘ద్రమ్మ’ అయింది, హిందీలో ‘దామ్’ అయింది. అమీర్‌పేట ఫుట్‌పాత్ మీద ‘దామ్ ఎంత భాయ్’ అని బేరమాడేవాడికీ, తూటా నింపుకునే మా తాతకూ ఆ గ్రీకు నాణెం దగ్గర చుట్టరికం ఉంది.

పన్నెండు బోరు లెక్క ఇంకా తమాషా. పౌండు సీసాన్ని సమానంగా పన్నెండు గుండ్లు చేస్తే, అందులో ఒక గుండు పట్టేంత గొట్టం పన్నెండు బోరు. ఇరవై గుండ్లు చేస్తే ఇరవై బోరు. అందుకే అంకె పెరిగినకొద్దీ గొట్టం సన్నబడుతుంది. గుండ్లపేరులో గుండ్లున్నట్టే ఆ పేరులోనూ గుండ్లున్నాయి, లెక్కపెట్టి మరీ.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. తూటా నింపేవాళ్ల డ్రాముల లెక్క పాతకాలపు నల్ల తుపాకిమందుది. 1884లో ఫ్రాన్సులో పాల్ వియే పొగరాని మందు తయారుచేశాడు. ఆ రకం మందు కొంచెమే చాలు, అంత పనీ చేస్తుంది. అయినా వేటగాళ్ల నోట డ్రాముల లెక్కే నానింది. దాంతో కంపెనీలు తూటాల డబ్బాల మీద ‘డ్రామ్ ఈక్వివలెంట్’ అని వేయడం మొదలుపెట్టాయి. అంటే, నల్ల తుపాకిమందు అన్ని డ్రాములు పోస్తే సీసం రవ్వలు ఎంత వేగంతో పోతాయో ఈ తూటాలోనూ అంత వేగంతో పోతాయని. లోపల అంత బరువు మందు ఉందని కాదు. ఆ తేడా తెలియక కొత్త మందును పాత బరువుకు తూచి పోసుకుంటే తుపాకీ గొట్టమే పగులుతుంది. వస్తువు మారిపోయింది, బరువు మారిపోయింది, పేరు మాత్రం కదల్లేదు.

తులం కథా ఇంతే. 1833లో ఈస్టిండియా కంపెనీ తులాన్ని 180 గ్రెయిన్లుగా స్థిరపరిచింది. తుపాకిమందు తూచేవాళ్లు ఈనాటికీ వాడే గ్రెయినే అది. మన కొలతలో 96 గురివింద గింజల ఎత్తు, గ్రాముల్లో 11.66. ఒలింపిక్ షూటింగ్ తూటాలో 24 గ్రాములకు మించి సీసం రవ్వలు ఉండకూడదంటారు. అంటే మన హైదరాబాదీ కైనన్ చెనై ఎగిరే మట్టిపళ్లేల మీద పేల్చే ఒక్కో తూటాలో సుమారు రెండు తులాల సీసం. అమ్మమ్మ గుండ్లపేరంత!

మెట్రిక్ చట్టం 1956లో వచ్చింది, 1958 అక్టోబరు నుంచి దశలవారీగా అమలైంది. పదకొండున్నర చిల్లరతో ఎవడు లెక్క కడతాడు? బంగారం రేటు పది గ్రాములకు చెప్పడం అలవాటయింది. జనం నోట తులం మాట పోలేదు. రెండూ కలిసి తులం పది గ్రాములకు చిక్కింది. దుబాయిలో మాత్రం ‘పది తులాల బిస్కెట్’ ఇప్పటికీ పాత తులమే, 116.64 గ్రాములు. గల్ఫ్‌లో పనిచేసే మావైపు మనిషికి అక్కడొక తులం, ఇక్కడొక తులం.

అమీర్‌పేట హాస్టల్లో నేనున్న రోజుల్లో ఒకే గదిలో గుంటూరువాడు అక్క పెళ్లికి ‘పది కాసులు’ అనేవాడు, కరీంనగర్‌వాడు ‘ఎనిమిది తులాలు’ అనేవాడు. కాసు ఎనిమిది గ్రాములు, తులం పది. ఇద్దరిదీ ఎనభై గ్రాములే. అది తేలేలోపు ఎవరి అక్కకు ఎక్కువ పెట్టారని రాత్రంతా వాదన.

ఇదంతా కుదించి దుకాణం అబ్బాయికి చెప్పాను. వాడు నవ్వి, “అయితే రెండు తులాల గొలుసు ఇరవై గ్రాములల్ల చేద్దాం సార్. మిగిలిన మూడు గ్రాములు తరుగు, మజూరీ కింద పోతయ్” అన్నాడు. లెక్కకు మంచి ఉపాయమే. నాకు నచ్చింది కూడా.

అమ్మకు నచ్చలేదు. “మా అమ్మ చెప్పింది మీ తులం కాదు బిడ్డా, మా బాపు తులం. అంతా గొలుసుకే పోవాలె. తరుగు, మజూరీ నేను కడ్తా.” కొంగున కట్టుకున్న నోట్లు విప్పింది.

బిల్లు వచ్చింది. అమ్మ దాన్ని తిప్పి చూసి, రెండు తులాలని ఎక్కడుందని అడిగింది.

“సిస్టమ్‌ల గ్రాములే పడతయమ్మా.”

“సిస్టమ్‌ల గ్రాములే ఉండనీ. ఎనక చేత్తోని రాయి, రెండు తులాలని.”

అబ్బాయి పెన్ను తీశాడు.