థింగ్ అంటే సభ

ఇంగ్లీషులో దేనికి పేరు తోచకపోయినా ‘థింగ్’ అనేస్తారు. పెన్నూ థింగే, భయమూ థింగే. వ్యుత్పత్తి నిఘంటువులు తిరగేయడం నాకు ఏళ్లనాటి అలవాటు. అందులో ఇలాంటి వాడుక మాటలంటేనే నాకు మక్కువ ఎక్కువ. పైకి బోలుగా కనిపించే ఈ మాటకు పాత ఇంగ్లీషులోనూ, పాత నార్స్‌లోనూ ఉన్న అర్థం సభ. తగవులు తీర్చడానికీ, చట్టం చేయడానికీ జనం ఒకచోట కూడే సభ.

ఐస్లాండ్‌లో 930లో థింగ్వెల్లిర్ మైదానంలో మొదలైన సభ పేరు ఆల్థింగ్. ఏటా వేసవిలో దేశం నలుమూలల నుంచి వచ్చి గుడారాలు వేసుకునేవారు. చట్టాలు ఇంకా రాతకెక్కని కాలమది. వాటిని కంఠస్థం చేసిన పెద్ద ఒకాయన బండ మీద నిలబడి, ఏడాదికి మూడోవంతు చొప్పున మూడేళ్లలో మొత్తం చట్టాన్ని వినిపించేవాడు. చట్టమంతా ఒక మనిషి గొంతులో ఉండడం తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఆ దేశ పార్లమెంటు ఈనాటికీ ఆల్థింగే. నార్వేది స్టోర్టింగ్, డెన్మార్క్‌ది ఫోల్కెటింగ్.

మరి సభ పేరు సామానుకెలా వచ్చింది? సభలో విచారించే వ్యవహారాన్నీ థింగ్ అన్నారు. తర్వాత ఏ విషయమైనా థింగే, చివరికి ఏ వస్తువైనా థింగే. మన ‘సంగతి’ నడిచిన దారీ ఇంచుమించు ఇదే. సంస్కృతంలో సంగతి అంటే కలయిక, కూడిక. మనం “ఏంటి సంగతి?” అని అడిగేది మాత్రం విషయం గురించి. అంతమాత్రాన ఈ రెండు మాటలకూ చుట్టరికం కలపకూడదు. ఈ పనిలో తొందర పనికిరాదు.

చుట్టరికం తేల్చేది ధ్వనుల వరుస. ఇంగ్లీషులో ‘థ’ ఉన్నచోట జర్మన్‌లో ‘డ’ వస్తుంది: థ్రీకి డ్రై, థాంక్‌కి డాంకెన్, థింగ్‌కి డింగ్. వరుస ఇలా కుదిరాకే అర్థాల జోలికి వెళ్లాలి. డేనిష్‌లో ఇంకో ముచ్చట ఉంది. అక్కడ ‘టింగ్’కు ముందు ‘ఎన్’ పెడితే వస్తువు, ‘ఎట్’ పెడితే సభ. పాత అర్థం, కొత్త అర్థం ఒకే భాషలో పక్కపక్కనే బతుకుతున్నాయి.

నార్స్ వాళ్లు రాజు తన ఇంటి మనుషులతో జరిపే సభను ‘హూస్‌థింగ్’ అనేవారు. ఇంగ్లీషులో అదే ‘హస్టింగ్స్’ అయింది. ఎన్నికల వేళ మన ఇంగ్లీషు పత్రికల్లోనూ ఆ మాట కనిపిస్తుంది. ఈసారి చదివినప్పుడు అందులో దాగిన థింగ్‌ను పట్టుకోండి.