వాతావరణమా, శీతోష్ణస్థితియా? – చిత్తూరు మామిడి చెప్పు పాఠము

తిరుపతి, చిత్తూరు ప్రాంతములలో మామిడి పూత తగ్గినను, పిందె రాలినను, కాయ ధర పడిపోయినను ఈనాడు వినవచ్చు కారణము ఒక్కటే: "వాతావరణ మార్పు". పత్రికలలోను, ఉపన్యాసములలోను, పాఠశాలల విజ్ఞాన ప్రదర్శనలలోను ఈ మాటయే కనుపించును. భూమి వేడెక్కుచున్నదనుటలో సందేహము లేదు. 1850–1900 నాటి సగటుతో పోల్చగా 2011–2020 దశాబ్దములో భూతల ఉష్ణోగ్రత సుమారు 1.1 డిగ్రీల సెంటీగ్రేడు హెచ్చినది. ఈ విషయమును పిల్లలకు తెలిపినందుకు ఆ రచనలను మెచ్చుకొనవలసినదే. కాని ఒక సత్యమును ప్రతి ప్రశ్నకును జవాబుగా వాడినచో అది శాస్త్రము కాజాలదు.

లోపము మాటలోనే మొదలగుచున్నది. ఒకచోట ఒక దినమున గాని, ఒక వారమున గాని గాలి, వాన, ఎండ ఉన్న తీరు వాతావరణము. అట్టి తీరుల దీర్ఘకాలపు సగటు, వాని హెచ్చుతగ్గులు కలిసి శీతోష్ణస్థితి. దీనిని లెక్కించుటకు 30 సంవత్సరముల కాలము ప్రపంచమంతటను ప్రమాణముగా నున్నది. శీతోష్ణస్థితిలోని మార్పునే "వాతావరణ మార్పు" అనుట అలవాటైన పిమ్మట, నిన్న కురిసిన వానయు, మూడు దశాబ్దముల మార్పును ఒకే మాటలో ఇమిడిపోయినవి.

మామిడి చెట్టు ఈ భేదమును చక్కగా బోధించును. కాయకోత తరువాత వచ్చిన చిగురు ముదిరి, శీతకాలపు రాత్రుల చల్లదనము తగిలినప్పుడు కొమ్మ కొననున్న మొగ్గ పూమొగ్గగా మారును. అదుపులో నుంచిన గదులలో ప్రయోగములు చేయగా, పగలు 15, రాత్రి 10 డిగ్రీల చలిలో నున్న చెట్లు పూచినవి. పగలు 30, రాత్రి 25 డిగ్రీలలో నున్నవి ఆకులనే తొడిగినవి. ఉష్ణమండలములో అంతటి చలి అరుదు. కావున అచట చిగురు ముదురుట మరింత ముఖ్యము. నేల ఆరియున్నచో కొత్త చిగురు రాదు; ఉన్న చిగురు ముదురును. ఆ సమయమున ఈశాన్య ఋతుపవనము ఎక్కువకాలము కురిసినచో చెట్టు మరల చిగుర్చి, పూత ఆలస్యమగును.

2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వాన వాతావరణ సంఘటన. గాలి ఒక డిగ్రీ వేడెక్కినచో సుమారు 7 శాతము అధికముగా నీటియావిరిని ఇముడ్చుకొనగలదు గనుక, అట్టి కుంభవృష్టులకు భూతాపము బలము నీయగలదు. అయినను ఒక్క వానను చూపి శీతోష్ణస్థితి మారినదని తీర్పు చెప్పరాదు. దశాబ్దముల లెక్కలు చూడవలెను.

ఇక 2025లో తోతాపురి రైతుకు కలిగిన కష్టము వేరు. ఆ యేడు పూత లోపింపలేదు. పంట విస్తారముగా వచ్చి ధర పడిపోయినది. గుజ్జు కర్మాగారములు కిలోకు 8 రూపాయలు, రాష్ట్రప్రభుత్వము 4 రూపాయలు, మొత్తము 12 రూపాయలు రైతుకు ముట్టునట్లు ఏర్పాటు చేయవలసివచ్చినది. దీనికిని "వాతావరణ మార్పు" అను చీటీ అంటించినచో అంగడిలోని లోపము మరుగున పడును.

ఇది కేవలము పదముల తగాదా కాదు. కారణమును బట్టియే చికిత్స. రాత్రులు వేడెక్కుటయే కారణమైనచో తగిన రకములను వెదకవలెను. నేడు నాటిన మొక్క దశాబ్దముల తరబడి కాయవలసినది గదా! పూతమీద వాన కురిసినచో పక్షికన్ను తెగులును అరికట్టవలెను. ధరయే కారణమైనచో కర్మాగారములను, విక్రయపు పద్ధతులను సరిదిద్దవలెను. రోగమొకటి, మందొకటి అయినచో నష్టపోవువాడు రైతే.

ఉపాధ్యాయులు ఈ విషయమున చేయదగిన పని యొకటి కలదు. పాఠశాలలో ఒక గరిష్ఠ కనిష్ఠ ఉష్ణమాపకము, ఒక వర్షమాపకము ఉంచి, సమీపపు తోటలో తొలిపూత కనిపించిన తేదీని ప్రతి సంవత్సరము వ్రాయింపవలెను. ఒక యేటి లెక్క వాతావరణమును తెలుపును. ఒక తరగతి పిల్లలు మరియొక తరగతికి అప్పగించుచు 30 ఏండ్లు నడపిన పుస్తకము శీతోష్ణస్థితిని తెలుపును.