అన్నగా పుట్టని అన్న

రాజుగారికి ముగ్గురు కొడుకులు అని కథ మొదలుపెట్టగానే, గెలిచేది చిన్నవాడేనని వినే పిల్లలకు తెలిసిపోతుంది. పెద్దవాడు పొగరుగా బయల్దేరతాడు, దారిలో ముసలమ్మ దాహమంటే కసురుకుంటాడు, కథ సగానికి రాకముందే ఏ రాయిగానో మారి పడుంటాడు. ఇంట్లో అన్ని పనులూ పెద్దబిడ్డకు చెప్పే మనం, కథల్లో మాత్రం ఆ బిడ్డకు చోటివ్వలేదు. అలా చోటిచ్చిన కథలూ లేకపోలేదు. ఇంగ్లిష్ రచయిత్రి ఇ. నెస్బిట్ 1906లో రాసిన ‘ది రైల్వే చిల్డ్రన్’లో ముగ్గురు పిల్లల్లో పెద్దది రాబర్టా. తండ్రి జైలుపాలైన సంగతి ఒక పాత పేపరు ముక్కలో ఆమె కంటబడుతుంది. తమ్ముడికీ చెల్లెలికీ చెప్పకుండా కడుపులో దాచుకుంటుంది. పెద్దపిల్లగా పుట్టడమంటే ఏమిటో ఆ దాచుకోవడంలోనే ఉంది.

పల్నాటి వాళ్ళం దీనికోసం అంత దూరం పోనక్కర్లేదు. శ్రీనాథుడిదిగా చెప్పుకునే ‘పల్నాటి వీరచరిత్ర’ను 1911లో అక్కిరాజు ఉమాకాంతం అచ్చువేయించారు. అందులోని బాలచంద్రుడిని మనం వీరుడిగానే చూస్తూ వచ్చాం. 1947 నాటి ‘పల్నాటి యుద్ధం’ సినిమాలో ఆ వేషం వేసిన అక్కినేని చేతిలోనూ కత్తే కనిపిస్తుంది. నేను మాత్రం అతన్ని ముందు అన్నగా చదువుతాను. మాచర్ల మంత్రి బ్రహ్మనాయుడికీ ఐతాంబకూ లేకలేక పుట్టిన కొడుకతను. తమ్ముళ్ళంతా అతనికి కలిసినవాళ్ళు. బ్రాహ్మణుల అనపోతు, వెలమ, కమ్మరి, కంసాలి, కుమ్మరి, చాకలి, మంగలి బిడ్డలు. వీళ్ళను ఆ కావ్యం నేస్తాలనలేదు, బంట్లనీ అనలేదు. తమ్ములంది. అన్ని కులాలనూ ఒకే పంక్తిలో కూర్చోబెట్టే చాపకూడు పెట్టించి, మాల కన్నమదాసును కొడుకుగా చూసుకున్న తండ్రి ఇంట్లో ఆ మాట ఉత్త మర్యాద మాట కాదు. కవి పనితనం మొదట కనిపించేది ఈ ఒక్క మాట ఎంపికలో. నేస్తమైతే ఎప్పుడైనా విడిపోవచ్చు. తమ్ముడన్నాక వాడి మంచిచెడ్డలు అన్న మెడకు చుట్టుకుంటాయి.

ఇక బొంగరం సంగతి. గురజాల నలగామరాజుకూ మాచర్ల మలిదేవరాజుకూ నడుమ నాయకురాలు నాగమ్మ పెంచిన పగ, కోడిపోరు, ఏడేళ్ళ వలస, విషంపెట్టి చంపిన రాయబారి అలరాజు, ఇవన్నీ అయ్యాక పెద్దలంతా కారంపూడిలో మోహరించారు. మేడపిలో తల్లి దగ్గరున్న కుర్రాడికి ఇదేమీ తెలియదు. తమ్ముళ్ళతో బొంగరాలాడుతున్నాడు. తాడు చుట్టి విసిరిన బొంగరం ఒకటి దారినపోయే కోమటి ఇల్లాలి కాలికి తగిలింది. అక్కడ మీ పెద్దలు యుద్ధానికి నిలబడితే ఇక్కడ మీకు ఆటలా అన్నట్టు ఆమె నోటి నుంచి ఒక మాట జారింది. చూడండి ఎంత పొదుపో! దూత రాలేదు, ఆకాశవాణి పలకలేదు. పిల్లల ఆటవస్తువు ఒకటి గురితప్పింది, కథ మొత్తం మలుపు తిరిగింది. ఈ కావ్యం మంజరీ ద్విపద. మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం, ప్రాస నియమం లేదు. ఆ వెసులుబాటు వల్లే ఇలాంటి వీధి మాట పద్యంలో ఇమిడి కూడా వీధి మాటగానే వినబడుతుంది.

ఆ మాట విని యుద్ధానికి బయల్దేరిన కొడుకును తల్లి ఆపాలని చూసింది. భార్యను చూసిపొమ్మంది, మాంచాల అందం చూసైనా ఆగుతాడని. ఆపుతుందనుకున్న మాంచాలే కత్తి అందించింది. ఈ ఘట్టం మీద నాటకాల వాళ్ళకూ సినిమా వాళ్ళకూ మోజెక్కువ, కాబట్టి నేను ఎక్కువసేపు ఆగను.

ఆగవలసిన చోటు కారంపూడి దారిలో ఉంది. అనపోతు బ్రాహ్మణుడు. తన వెంట వచ్చి యుద్ధంలో చస్తే బ్రహ్మహత్య పాపం చుట్టుకుంటుందని బాలచంద్రుడి భయం. పాపభయమే కనబడుతుంది కానీ దాని కింద ఉన్నది తమ్ముడి మీద ప్రేమేనని నా నమ్మకం. వద్దంటే వినే రకం కాదు అనపోతు. అందుకని ఇంటి దగ్గర మరిచిపోయిన సొమ్ము తెమ్మనే నెపంతో వెనక్కి పంపి, ఒక ఉత్తరం వదిలి మిగతావాళ్ళతో వెళ్ళిపోయాడు. అనపోతు తిరిగొచ్చేసరికి అన్న లేడు, ఉత్తరముంది. చదివి, అక్కడే ప్రాణం తీసుకున్నాడు.

దీన్ని ఆ బొంగరం పక్కన పెట్టి చూడండి. ఇంటి పట్టున ఉంటే కొడుకు బతుకుతాడని అతన్ని మేడపిలో వదిలిపోయారు పెద్దలు. సంగతి తెలిసిన రోజున కుర్రాడు రగిలిపోయాడు. అదే కుర్రాడు నాలుగడుగులు పోకముందే తన తమ్ముడికి అదే పని చేశాడు. తండ్రి మీద పడ్డ కోపం వృథా అయిపోయింది. తండ్రి బుద్ధి మాత్రం కొడుక్కి దిగింది. ఇంట్లో పెద్దబిడ్డలుగా పెరిగినవాళ్ళకు ఇది తగలవలసిన చోట తగులుతుంది. మన పెద్దరికమంతా అమ్మానాన్నల దగ్గర అరువు తెచ్చుకున్నదే కదా, వాళ్ళ తప్పులతో సహా. కావ్యంలో ఒక తప్పు మీద ఇంకో తప్పు అచ్చుగుద్దినట్టు కూర్చోవడం యాదృచ్ఛికమంటే నేను ఒప్పుకోను. వీరగాథల్లో వీరుడి తప్పులు శత్రువుకు పనికొస్తాయి. ఇక్కడ అన్న చేసిన తప్పుకు తమ్ముడు బలయ్యాడు, అదీ యుద్ధభూమికి చేరకముందే.

పిల్లల కోసం ఈ కథను కుదించి చెప్పేటప్పుడు బొంగరం ఉంటుంది, కత్తి ఉంటుంది, కోడిపుంజు చిట్టిమల్లు తప్పకుండా ఉంటుంది. పసివాళ్ళకు ఆత్మహత్య ఎలా చెబుతామని అనపోతును వదిలేస్తారు. ఆ జంకు నాకు అర్థమవుతుంది. కానీ అనపోతు లేని బాలచంద్రుడు కత్తి పట్టిన కుర్రాడు మాత్రమే. పది పన్నెండేళ్ళ పిల్లలకు చెప్పే తీరులో చెబితే అర్థమవుతుంది. అన్నలకైతే మరీను.

కార్తీక అమావాస్యకు కారంపూడిలో వీరుల ఉత్సవాలు మొదలవుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు, అయిదు రోజులు. నరసరావుపేట నుంచి బస్సెక్కినా, మాచర్ల నుంచి ఎక్కినా పిల్లల్ని వెంట తీసుకెళ్ళండి. దారిలో అనపోతు కథ కూడా చెప్పండి.